వాల్వుల మౌనం

ట్రాన్సిస్టరు రాకతో వాల్వు కాలగర్భంలో కలిసిపోయిందని అనుకోవడం సహజం. కాని గిటారు వాద్యకారులూ, పాత గ్రామఫోను రికార్డులను మక్కువతో వినే రసికులూ నేటికీ వాల్వు ఆంప్లిఫయర్లను విడిచిపెట్టలేదు. ఒకప్పుడు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన వాల్వులను ఇప్పటికీ భద్రంగా దాచుకున్నవారున్నారు. అటువంటి వారందరికీ ఎదురయ్యే చిన్న ప్రశ్న ఒకటుంది: కచేరీ మధ్య విరామంలో ఈ యంత్రాన్ని మౌనంగా ఉంచడం ఎలా?

ప్రశ్న చిన్నదే గాని, జవాబు తెలియాలంటే వాల్వు స్వభావం తెలియాలి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వును రూపొందించాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి నడుమ గ్రిడ్ అనే మూడవ ధ్రువాన్ని చేర్చాడు. వేడెక్కిన కాథోడ్ నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి; కొన్ని వందల వోల్టులు గల ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. మధ్యనున్న గ్రిడ్ కాలువకు అమర్చిన తూము తలుపు వంటిది. దానిపై ఋణ వోల్టేజి పెరిగితే ప్రవాహం తగ్గుతుంది, తరిగితే ప్రవాహం పెరుగుతుంది. చివరి వాల్వులలోని ఈ ప్రవాహాన్ని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లౌడ్ స్పీకరుకు తగిన విధంగా మార్చి అందిస్తుంది.

శబ్దం వద్దనుకున్నప్పుడు స్పీకరు తీగను ఊడదీయడం తేలిక ఉపాయంగా తోస్తుంది. పాట నడుస్తుండగా అలా చేస్తే ట్రాన్స్‌ఫార్మరులోని శక్తికి పోయే దారి ఉండదు. అప్పుడు దాని చుట్లలో పుట్టే వోల్టేజి మామూలు కంటె ఎన్నో రెట్లు పెరిగి, తీగల పైపూతను కాల్చివేయగలదు. చివరి వాల్వుల గ్రిడ్ తీగను తెంచడం కూడా ప్రమాదమే. విడిగా ఋణ వోల్టేజిని అందించే ఆంప్లిఫయర్లలో గ్రిడ్‌కు ఆ వోల్టేజి చేరేది ఆ తీగ గుండానే. అది లేకపోతే తూము తలుపు పూర్తిగా తెరుచుకున్నట్లే. ప్లేటు ఎర్రగా కాలి, వాల్వు కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

క్షేమమైన మార్గం, శబ్ద సంకేతాన్ని చివరి వాల్వులకు చేరకముందే ఆపివేయడం. గ్రిడ్‌పై ఋణ వోల్టేజిని బాగా పెంచి ప్రవాహాన్ని నిలిపివేయడం మరొక మార్గం. అనేక గిటారు ఆంప్లిఫయర్లలో కనిపించే స్టాండ్‌బై స్విచ్చి కాథోడ్‌ను వేడిగానే ఉంచి, ప్లేటు వోల్టేజిని మాత్రం తొలగిస్తుంది.

అయితే వేడిగా ఉండి పనిలేకుండా ఉండటం వాల్వుకు విశ్రాంతి అనుకుంటే పొరపాటే. 1944లో ఇంగ్లండులో పనిచేయనారంభించిన కొలొసస్ యంత్రాన్ని నిర్మించిన టామీ ఫ్లవర్స్, వాల్వులను మాటిమాటికీ ఆర్పి వెలిగించకుండా ఉంచితే అవి చిరకాలం మన్నుతాయని నిరూపించాడు. కాని అమెరికాలో 1951లో పనిలోకి వచ్చిన వర్ల్‌విండ్ కంప్యూటరు నిర్మాతలకు మరొక చిక్కు ఎదురయింది. వేడెక్కి కూడా విద్యుత్తు ప్రవహించక ఊరకే ఉన్న వాల్వులు త్వరగా శక్తి కోల్పోసాగాయి. కాథోడ్‌లోని నికెల్ లోహంలో స్వల్పంగా ఉన్న సిలికాన్ పైపూతతో కలిసి, రెండింటి నడుమ విద్యుత్తును అడ్డగించే పలుచని పొరను ఏర్పరచడమే కారణమని తేలింది. సిలికాన్ లేని నికెల్ వాడాక వాల్వుల ఆయుర్దాయం ఎంతో పెరిగింది.

కనుక కొద్ది నిమిషాల విరామానికి యంత్రాన్ని ఆర్పనక్కరలేదు. సంకేతాన్ని ఆపితే చాలు. గంటల తరబడి పని లేనప్పుడు స్టాండ్‌బైలో వదిలివేయక, పూర్తిగా ఆర్పివేయడమే మేలు.

ఆర్పిన తరువాత కూడా ఒక హెచ్చరిక మరువరాదు. ప్లగ్గు తీసివేసినప్పటికీ లోపలి కెపాసిటర్లు వందల వోల్టుల విద్యుత్తును చాలాసేపు దాచుకొని ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు. పెట్టె విప్పి మరమ్మతు చేసే పనివాడు ముందుగా ఆ విద్యుత్తును రెసిస్టరు ద్వారా హరింపజేసి, మీటరుతో సరిచూసుకొన్న తరువాతనే చేయి పెడతాడు. శబ్దం ఆగినంత మాత్రాన యంత్రం శాంతించిందని నమ్మకపోవడం అతని వృత్తిలో మొదటి పాఠం.