గృహవైద్యము: చీనావారి వసనాభి

చెట్టుమందు కీడు చేయదని మన సోదరీమణులలో పలువురికి గల నమ్మకమును మేమెరుగుదుము. చీనాదేశపు ఫూజీ సంగతి వినిన పిదప ఆ మాట యనజాలరు.

ఫూజీ యనునది సిచువాన్ రాష్ట్రమందు పండించు దుంప. మన వసనాభికి దగ్గరి చుట్టము. కీళ్లనొప్పులకును, దేహము చల్లబడినప్పుడును చీనా వైద్యులు దీని నిత్తురు. ఇందలి అకోనిటిన్ అను ఆల్కలాయిడు 2 మిల్లీగ్రాములే పెద్దవారి ప్రాణము తీయజాలును.

మరి త్రాగినవా రెట్లు బ్రతుకుచున్నారు? పొయ్యి చలువ వలన! దుంపను ముందే ఉప్పునీట నానబెట్టి, ఉడికించి అమ్ముదురు. అయినను ఇంట తక్కిన మూలికలకంటె ముందుగా దీనిని నీట వేసి, చాలసేపు మరిగింపవలెను. మరుగుకొలది అకోనిటిన్ నుండి మొదట ఎసిటిల్ భాగమును, పిదప బెంజాయిల్ భాగమును ఊడిపోవును. కడకు మిగులు అకోనిన్‌లో విషము మిక్కిలి స్వల్పము. కట్టెలు దండుగయని తొందరపడి దింపిన కషాయమున ఈ మార్పు సగములో నిలిచిపోవును.

దేహమును ఊరకుండదు. కాలేయమందలి ఎంజైములు ఆ విషమును మార్చును, మూత్రపిండములు వెలికి పంపును. కాని అది నెత్తురు చేరుటకు నిమిషములు చాలును. కాలేయము తన పని ముగించులోపలనే గుండె లయ తప్పవచ్చును. పెదవులు, నాలుక తిమ్మిరెక్కుట తొలి గురుతు. ప్రత్యేకమగు విరుగుడు లేదు గనుక తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

పైపూతకై ఈ దుంపలను నానబెట్టిన సారాను త్రాగి మరణించినవారు చీనాలో కలరు. సారాలో ఎన్నినెలలు నానినను మరిగినట్లు కాదు.