ఒకే వెలగల రెండు విద్యుత్ కార్లు



2025 కార్తికమాసమున మా చెల్లెలినుండి యొక జాబు వచ్చినది. ఆమె అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, మినియాపొలిస్ నగరమునకు సమీపమున కాపురముండి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. జాబులోని ముఖ్యాంశ మిది:

“అక్కయ్యా, పాత కారు మార్చవలెనని నిశ్చయించితిమి. రెండు విద్యుత్ కార్లు చూచితిమి. రెండును ఎత్తైన ఎస్.యు.వి.లే, రెండును నాలుగు చక్రములకు శక్తినిచ్చునవే. వెలలో తేడా పదునైదు డాలర్లు. ఆయన ఒకటి కొందమనుచున్నారు, నాకు రెండవది నచ్చినది. నెలదినములుగా ఇంట మాటలు ముభావముగా నున్నవి. నీవేమందువు?”

మేము కారు నడుపనేరము. మా యింటనున్నది మా వారు బడికి పోయివచ్చు స్కూటరు మాత్రమే. అయినను చెల్లెలడిగిన మాటను త్రోసివేయుటకు మనసొప్పలేదు. మా వారు పిల్లలకు లెక్కలు చెప్పువారగుటచే, అంకెల విషయమున వారి సాయము తీసికొని కొన్ని రాత్రులు కూర్చుంటిమి. నేడు మన పాఠకురాండ్రలో బిడ్డయో, తోబుట్టువో పరదేశమున లేనివారరుదు. ఇట్టి ప్రశ్న రేపు మీ యింటికిని రావచ్చును గనుక, మేము తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

ఆ కార్లలో మొదటిది టెస్లా మోడల్ వై ప్రీమియం. రెండవది హ్యుందాయ్ అయోనిక్ 5 లిమిటెడ్. మన దేశమున అయోనిక్ 5 2023 జనవరిలోను, మోడల్ వై 2025 జూలైలోను అమ్మకమునకు వచ్చినవి. కాని అవి వెనుక చక్రములకు మాత్రమే శక్తినిచ్చు రకములు. మనకు మంచు లేదు. అచ్చట మంచే ప్రధానము. అమెరికా ప్రభుత్వము విద్యుత్ కార్లు కొనువారికిచ్చుచుండిన 7,500 డాలర్ల పన్నురాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసినది. వెంటనే హ్యుందాయ్ సంస్థ అక్టోబరులో వెలలు బాగుగా తగ్గించెను. అందుచే రవాణా మొదలగు ఖర్చులు కలుపక, టెస్లా 48,990 డాలర్లు, హ్యుందాయ్ 48,975 డాలర్లు అయినవి. మన లెక్కలో నలుబది లక్షల రూపాయలకు మించిన మాట. జీతములమీద బ్రతుకువారికి ఇది అయిదారేండ్ల అప్పు.

ముందుగా నాలుగు చక్రముల శక్తి యననేమో చూతము. ఈ కార్లలో ముందు ఇరుసున కొకటి, వెనుక ఇరుసున కొకటి చొప్పున మోటారులుండును. ఏ చక్రము జారుచున్నదో యంత్రము కనిపెట్టి, రెప్పపాటులో శక్తిని రెండవ ఇరుసునకు మరల్చును. మంచులో బండి కదలుటకును, వాలు నెక్కుటకును ఇది గొప్ప సాయము. కర్ణుని రథచక్రము నేలలో క్రుంగినపుడు రథము కదలక యాతడెంత వగచెనో భారతము చదివిన మనకందరకును తెలియును. అట్టి యాపదకు ఈ యేర్పాటు మందు.

కాని కదలుట వేరు, ఆగుట వేరు. బ్రేకులు ఏ కారునకైనను నాలుగు చక్రములకు నుండును. రెండు మోటారులున్నంతమాత్రమున మంచుమీద బండి త్వరగా నాగదు. పైగా ఈ కార్లు బ్యాటరీ బరువుచే రెండు టన్నులకు అటునిటుగా తూగును. బరువైన బండిని జారునేలపై ఆపునది టైరు. చలి 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగినచో సామాన్యపు టైరుల రబ్బరు గట్టిపడి నేలను పట్టు గుణము తగ్గును. చలికాలపు టైరుల రబ్బరు అప్పుడును మెత్తగానే యుండును. వానిమీద మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచురేకును గుర్తుగా నుండును. మినియాపొలిస్‌లో జనవరి రాత్రులు సున్నకు దిగువ పది డిగ్రీలు దాటుట సామాన్యము. కావున ఏ కారు కొన్నను, నాలుగు చలికాలపు టైరులకు వేయి డాలర్లకు పైగా ముందే తీసి వేరుగా నుంచవలయును.

ఇక దూరము మాట. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ లెక్కచొప్పున ఒకమారు చార్జి నింపినచో టెస్లా 327 మైళ్లు, అయోనిక్ లిమిటెడ్ 269 మైళ్లు పోవును. తేడా 58 మైళ్లు. మా మరిదిగారి వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది. అది తేలికగా తీసివేయదగినది కాదు. అమెరికాలోని మోటారు వాహనదారుల సంఘము ఏ.ఏ.ఏ. 2019లో అయిదు విద్యుత్ కార్లను పరీక్షించి, 20 డిగ్రీల ఫారెన్‌హీటు చలిలో, లోపల వేడిగాలి పెట్టుకొని నడిపినచో సగటున 41 శాతము దూరము తగ్గునని తేల్చినది. అవి పాత కార్లే యైనను, మా వారు జాగ్రత్తకై ఆ లెక్కనే వేసిరి. 327 మైళ్లు 193 అయినవి, 269 మైళ్లు 159 అయినవి.

అప్పుడు మేము చెల్లెలి నడిగితిమి: “నీ ఆసుపత్రికి ఎంత దూరము?” రానుపోను 44 మైళ్లు. గడ్డకట్టు చలిలో సయితము ఏ కారైనను మూడు దినములు తిరుగగలదు. ఇంటి గ్యారేజిలో 240 వోల్టుల చార్జరు పెట్టించుకొన్నచో తెల్లవారుసరికి నిండియుండును. 120 వోల్టుల సామాన్యపు ప్లగ్గుతో గంటకు మూడు నాలుగు మైళ్లకు మించి రాదు గనుక చార్జరు ఖర్చును కారు ఖర్చులోనే కలుపుకొనవలయును. “డులూత్‌లోని మీ బావగారింటికి ఎన్నిమారులు పోవుదురు?” 150 మైళ్లకు పైబడిన ఆ ప్రయాణము ఏడాదికి మూడుమారులట. ఆ మూడు దినములు అయోనిక్‌కు చలికాలమున దారిలో ఒకమారు చార్జి తప్పదు. నెలకు రెండుమారులు దూరప్రయాణము చేయు సంసారమైనచో టెస్లాయే మేలని మేమును వ్రాసియుందుము.

చార్జి విషయమున ఇద్దరి మాటలోను నిజమున్నది. టెస్లావారి కేంద్రములు విరివిగా నున్నవి. 2025నుండి అమెరికాలో అమ్ము అయోనిక్‌కును అదే ముఖము పెట్టిరి గనుక అది కూడ అచ్చట నింపుకొనవచ్చును. కాని అచ్చట 10 శాతమునుండి 80 శాతమునకు సుమారు 30 నిమిషములు పట్టును. 350 కిలోవాట్ల ఇతర కేంద్రమున, అడాప్టరు తగిలించినచో 20 నిమిషములే చాలును. అయోనిక్ బ్యాటరీ 800 వోల్టుల తరగతిది యగుటయే దీనికి కారణము. కడు చలిలో బ్యాటరీ వెచ్చబడకున్నచో ఏ కారునకైనను ఇంకను ఆలస్యమగును. బయలుదేరునపుడే చార్జి కేంద్రమును గమ్యముగా పెట్టినచో దారిలోనే అది వెచ్చబడును.

ఇల్లాండ్రు చూడవలసిన సంగతులు మరికొన్ని గలవు. టెస్లాలో వేగము మొదలు వేడిగాలివరకు సమస్తమును నడుమనున్న పెద్ద తెరమీదనే చూడవలయును. అయోనిక్‌లో చోదకుని యెదుట వేరొక తెరయు, వేడిగాలికి మీటలును గలవు. చేతితొడుగులు వేసికొని రెండింటిని ప్రయత్నింపవలయును. వెనుక అద్దమును తుడుచు వైపరు 2025నుండి అయోనిక్‌కు వచ్చినది, మోడల్ వైకి లేదు. సామానుకు టెస్లాలో చోటు ఎక్కువ. అయోనిక్‌లో ముందు వెనుక చక్రముల నడుమ దూరము మూడు మీటర్లగుటచే కాళ్లు చాపుకొనుటకు వీలెక్కువ. విద్యుత్తు ఆగినపుడు తలుపును చేతితో తెరచు మార్గమేదో కొన్న దినముననే ఇంటిల్లిపాదియు నేర్చుకొనవలయును.

దోషములు లేని యంత్రము లేదు. హ్యుందాయ్‌వారు 2024లో చార్జినింపు భాగమున లోపముండుటచే మునుపటి అయోనిక్ 5 కార్లను పిలిపించి సరిచేసిరి. టెస్లావారు 2023 డిసెంబరులో ఆటోపైలట్ విషయమై ఇరువది లక్షల కార్లకు సాఫ్టువేరు మార్చిరి. కొనబోవు కారు నంబరుతో అట్టి పిలుపులేవైన మిగిలియున్నవేమో విచారించుటయు, రెండింటికిని బీమా వెల ముందే అడుగుటయు అవసరము. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యను సామెత కార్లకును వర్తించును.

ఇన్ని లెక్కలు వ్రాసి పంపిన పిమ్మట చెల్లెలు ఫోనుచేసి చాలసేపు మాటలాడి, తుదకు అసలు సంగతి చెప్పినది. ఆమె యనుమతితోనే దానిని వ్రాయుచున్నాము. అంతకుముందటి జనవరిలో రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారుజామున వచ్చుచుండగా, ఎఱ్ఱదీపము వెలుగుచున్న కూడలిలో బ్రేకు వేసినను ఆగక పాతకారు అడ్డముగా జారిపోయినదట. దైవవశమున అటునుండి బండి యేదియు రాలేదు. నాటినుండి ప్రతి రాత్రియు చేతులు వణకుచునే నడుపుచున్నది. “ఆయనతో చెప్పలేదా?” యని యడిగితిమి. “చెప్పినచో ఉద్యోగము మానుమందురు, అక్కయ్యా” అన్నది.

చూచితిరా! భర్త మైళ్లు లెక్కించుచున్నాడు, భార్య భయమును దాచుచున్నది. ఆమెకు కావలసినది కన్ను మరల్చకుండ వేళ్లకందు మీటలు, వెనుక వచ్చు బండిని కనబరచు శుభ్రమైన అద్దము. ఆ కారణము చెప్పక “నాకిది నచ్చినది” యన్నచో ఆయనకది ముచ్చటగానే తోచును. రథికుడును సారథియు మనసు కలియకున్నచో రథమెంతటిదైన నేమి? కర్ణునకు శల్యుడు సారథ్యము చేసిన కథ మనకు తెలియనిది కాదు. మేము ఒక్కటే చెప్పితిమి: “ముందు ఆ కూడలి సంగతి ఆయనతో చెప్పుము. పిమ్మట కారు సంగతి చూచుకొందురు.”

ఆమె చెప్పినది. మా మరిదిగారు చాలసేపు మాటలాడలేదట. మరునాడు తానే కూర్చుండి మరల లెక్కలు వేసిరి. అప్పుడొక వింత బయటపడినది. అదే అయోనిక్‌లో ఎస్.ఇ. అను తక్కువ తరగతికిని రెండు మోటారులు గలవు. వెల 41,000 డాలర్లు, చక్రములు 20కి బదులు 19 అంగుళములు. దూరమో, 290 మైళ్లు. 7,975 డాలర్లు తగ్గి, 21 మైళ్లు పెరిగినవి! పోయినవి గాజు పైకప్పు, సంగీతపు సొంపు మొదలైనవి. ఒకే వెలగలవని రెండింటినే త్రిప్పిత్రిప్పి చూచుటలో దానిక్రిందనున్న మూడవదానిని ఎవరును చూడలేదు.

మార్గశిరమున దానినే కొనిరి. మిగిలిన సొమ్ములో చలికాలపు టైరులు, ఇంటి చార్జరు వచ్చినవి. మొదటి మంచు కురిసిన ఆదివారము మా మరిదిగారు ఆమెను ఖాళీ మైదానమునకు తీసికొనిపోయి, మెల్లగా నడిపి ఆపుట పదిమారులు చేయించిరట. అత్తగారు వెనుక కూర్చుండి, కాళ్లు చాపుకొని జపము చేసికొన్నారట. జనవరిలో చెల్లెలు వ్రాసిన జాబులో కారునుగూర్చి ఒక్క వాక్యమే యున్నది: “ఇప్పుడు చేతులు వణకుట లేదు.”

సోదరీమణులారా! మనమింట కొనునది కారైనను, కుట్టుమిషనైనను, వెల సమానమైనపుడు వస్తువును కాక మన దినచర్యను తూచవలయును. దానిని ఎక్కువగా వాడువారెవరో వారి మాట ముందు వినవలయును. ఆ మాట చెప్పవలసిన భారము మాత్రము మనదే.