ఒక్క చీటీ బరువు

పొలం కొనబోయేవాడు మొట్టమొదట చేసే పని ఈసీ తీయించడం. మన రిజిస్ట్రేషను కార్యాలయాలకు 1998లో ‘కార్డ్’ పథకం కింద కంప్యూటర్లు వచ్చేదాకా ఆ వెతుకులాటంతా గుమాస్తా చేతిమీదుగానే సాగేది. ఆయన దగ్గర రెండు రకాల సూచికలుండేవి. ఒకటి మనుషుల పేర్లవారీగా, రెండవది ఆస్తులవారీగా.

చిన్నతనంలో గుంటూరు జిల్లాలోని అటువంటి ఒక కార్యాలయంలో నాన్నగారి పక్కన నిలబడి ఉన్నాను. మా ముందున్న పెద్దమనిషి ఒక చీటీ అందించాడు. ఫలానా పొలాన్ని ఇంతవరకు అమ్మినవారందరూ, వారు అమ్మిన తక్కిన పొలాలన్నీ, వాటిని కొన్నవారందరూ, ఆ కొన్నవారు మళ్ళీ అమ్మినవన్నీ కావాలట. గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివాడు. సూచిక తెరవకుండానే, “ఏమండీ, ఇది ఒక చీటీయా, వేయి చీటీలా?” అన్నాడు.

ఈ వివేకం మన సర్వర్లలో చాలావాటికి లేదన్నదే ఈ టపాలో నా ఫిర్యాదు.

ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును సమాచారం అడిగే కిటికీని ఏపీఐ అంటారు (మన రాష్ట్రానికీ దీనికీ చుట్టరికం లేదు). పూర్వం ఏ కిటికీలో ఏది దొరుకుతుందో ముందే నిర్ణయమై ఉండేది. ఫేస్‌బుక్కువారు 2012లో తమ అవసరం కోసం తయారుచేసుకుని, 2015లో లోకానికి వదిలిన గ్రాఫ్‌క్యూఎల్ ఆ పద్ధతిని మార్చింది. ఏమి కావాలో, ఎంత లోతుకు కావాలో అడిగేవాడే రాసుకోవచ్చు. సదుపాయమే, కాదనను. కానీ వందమంది మిత్రులు, ఒక్కొక్కరికి వంద టపాలు, ఒక్కొక్క టపాకు వంద వ్యాఖ్యలు అని నాలుగు పంక్తుల్లో అడిగితే 10 లక్షల వ్యాఖ్యలు వెతికి తేవాలి. ఇంకొక్క మెట్టు దిగితే 10 కోట్లు. అడిగినవాడికి అయిన ఖర్చు మాత్రం ఆ నాలుగు పంక్తులే!

దీనికి కాపలాగా చాలామంది చేసేది నిమిషానికి ఇన్ని అభ్యర్థనలే అని లెక్క పెట్టడం. మా మిర్చి యార్డు గేటు దగ్గర లోపలికి వచ్చే బళ్ళను మాత్రమే లెక్కపెట్టి, వాటిలో ఎన్ని టిక్కీలున్నాయో చూడకపోవడం వంటిదది. ఆటోలో వచ్చిన పది టిక్కీలూ ఒకటే, లారీ నిండా వచ్చినవీ ఒకటే. సాయంత్రానికి యార్డులో కాలు పెట్టే చోటుండదు.

ఇలా సర్వరును పడగొట్టడాన్ని ‘సేవా నిరాకరణ దాడి’ అంటున్నారు. నాకీ అనువాదం రుచించదు. ‘దాడి’ అనగానే శత్రువు కోసం చూస్తాము. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు మూగబోయింది. కారణం, ఎవరో రాసిన ఒక టపాలో వరుసగా ఉన్న సుమారు 20 వేల ఖాళీ అక్షరాలు. పంక్తి చివరి ఖాళీలను కత్తిరించడానికి రాసుకున్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ఒక్కొక్క ఖాళీ దగ్గర నుంచీ మళ్ళీ మొదలుపెట్టి చూసింది. మొత్తం 20 కోట్ల పోలికలు. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్‌ను అరగంట సేపు కుప్పకూల్చినదీ వారు స్వయంగా రాసుకున్న అటువంటి సూత్రమే. రెండు చోట్లా శత్రువు లేడు.

ఆ మాటకొస్తే నేనూ దోషినే. 2022 ఏప్రిల్ 4న మా జిల్లా మూడు ముక్కలై, పల్నాడు, బాపట్ల వేరుపడ్డాయి. ఏ ఊరు ఎటు పోయిందో పట్టిక వేద్దామని వికీడేటాను ఒక ప్రశ్న అడిగాను. ప్రతి ఊరినీ తీసుకుని, అది ఏ మండలంలో, ఆ మండలం ఏ జిల్లాలో అని గొలుసు పట్టుకుని పైకెక్కమన్నాను. ఏ దేశపు ఊళ్ళో చెప్పడం మరిచాను! 60 సెకన్లకు గడువు తీరిందని తిరస్కరణ వచ్చింది. మొదట ఒళ్ళు మండింది. తరువాత ప్రశ్నను తిరగేసి, జిల్లా దగ్గర మొదలుపెట్టి కిందికి దిగమన్నాను. కాఫీ చల్లారేలోపే జవాబు వచ్చింది. ఆ 60 సెకన్ల గడువే లేకపోతే నా అజ్ఞానానికి ఇంకెవరో మూల్యం చెల్లించేవారు.

కనుక నేను హద్దుల పక్షమే. గిట్‌హబ్‌వారి గ్రాఫ్‌క్యూఎల్‌లో ఒక్కొక్క మెట్టు దగ్గర 100కు మించి అడగరాదు, ఒక ప్రశ్న మొత్తం 5 లక్షల అంశాలను దాటరాదు. పనిలోకి దిగకముందే ప్రశ్నను చూసి లెక్కకట్టవచ్చు. గుమాస్తా చేసినది సరిగ్గా అదే.

నా తగువు రెండో రకంవారితో. సర్వరు ఒకసారి మొరాయించగానే కిటికీ మొత్తానికీ పలక దించేసి, సమాచారాన్ని స్కాను చేసిన బొమ్మలుగా పెట్టి, ఒక్కొక్క బొమ్మకూ ఒక్కొక్క కాప్చా తగిలించే ప్రజాకార్యాలయాలున్నాయి. భద్రత అంటారు. బరువు తూచడం చేతగాక కొట్టు కట్టేయడం అది. తుంటరివాడు ఎలాగూ మరమనిషిని పెట్టి కాప్చా దాటుతాడు. మిగిలేది, తన అరెకరం వివరాల కోసం ఎండలో పడి మీసేవకు వచ్చిన రైతు.

ఆనాటి గుమాస్తా కిటికీ మూయలేదు. చీటీలో మొదటి పంక్తి కింద గీత గీసి, “ఇంతవరకు ఇస్తాను. అది చూసుకున్నాక ఏ పేరు కావాలో ఆ ఒక్క పేరు రాసుకుని రండి” అని కాగితం తిరిగిచ్చాడు. పెద్దమనిషి గొణుక్కుంటూనే ఆ గీత దగ్గరే చీటీని చింపి, పైముక్క ఆయన చేతికిచ్చాడు. తరువాతి వంతు మాది.