భీమిలి రోడ్డుపై ఆదివారం పరుగులు

విశాఖ నుంచి భీమునిపట్నానికి సముద్రం ఒడ్డునే సాగే రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు ఆ దారిలోనే ఉన్నాయి. స్పోర్ట్సు కార్ల క్లబ్బుల వారు సెలవునాడు ఈ దారి పట్టడంలో వింతేమీ లేదు. వారు రావడాన్ని తప్పు పట్టనక్కరలేదు కూడా.

అయితే మంగమారిపేట వంటి మత్స్యకార పల్లెల వారికి ఇది రోజూ తిరిగే బాట. ఒడ్డుకు చేరిన పడవల నుంచి చేపల తట్టలు నెత్తికెత్తుకుని ఆడవాళ్లు ఈ రోడ్డు దాటాలి. ఆదివారం ఉదయం చేపలకు గిరాకీ ఎక్కువ. రోడ్డు ఖాళీగా ఉంటుందని కార్ల వారూ ఆ పూటే బయలుదేరతారు. చిక్కంతా ఇక్కడే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు దాటిపోతుంది. నెత్తిన బరువున్న మనిషికి తల తిప్పి చూడటమే కష్టం. ఇక పరుగెత్తడం ఎలా?

ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా రోడ్డుపై పందెం పెట్టుకున్నా, వేగం పరీక్షించుకున్నా 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణతో మొదటి తప్పుకే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఖరీదైన కారు యజమానికి ఆ 5,000 ఒక లెక్కా! ఆదివారం తెల్లవారుజామున పోలీసులు పల్లెల దగ్గర నిలబడితేనే ఆ చట్టానికి విలువ.

క్లబ్బుల వారు కూడా బయలుదేరే రోజు, వేళ ముందుగా పోలీసు స్టేషనుకు, పల్లె పెద్దలకు తెలియజేయాలి. పల్లె పొలిమేరల్లో 30 కిలోమీటర్ల వేగం దాటరాదు. తట్టలు రోడ్డు దాటేవరకు కార్లు ఆగాలి.