ఏ రంగు దారి? వెనుక ఎవరున్నారు?



"సిస్టర్ గారూ, మావాడు శనివారం వస్తే చాలు, పదిమందితో కలిసి కొండల్లో సైకిల్ తొక్కుతున్నాడట. మీరైనా మానెయ్యమని చెప్పండి." బ్రిటన్‌లో, అమెరికాలో పిల్లలున్న తల్లులు నన్ను ఇలా అడుగుతుంటారు. నేను మానెయ్యమని చెప్పను. ఎందుకో వినండి.

ఒకప్పుడు నేనూ భయపడినదాన్నే. మా చెల్లెలి కొడుకు బ్రిటన్‌లో ఉంటాడు. చూడడానికి వెళ్ళినప్పుడు వేల్స్‌లోని కోయిడ్ అ బ్రెనిన్ అనే అడవికి నన్ను తీసుకువెళ్ళాడు. కొండ సైకిళ్ళ కోసమే అక్కడ 1990లలో ప్రత్యేకంగా బాటలు వేశారు. దారి పొడవునా రంగు గుర్తులున్న కొయ్యలు పాతారు. ఆకుపచ్చ సులువు, నీలం మధ్యరకం, ఎరుపు కష్టం, నలుపు మరీ కష్టం. అమెరికాలోనైతే ఎక్కువగా ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల డైమండ్ గుర్తులు పెడతారు.

ఆ రోజు వాళ్ళ గుంపులో ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. ఎరుపు దారి అనుకుని వచ్చినవాళ్ళు ఆమె కోసం నీలం దారికి మారారు. అనుభవమున్నవారు ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనుక. దారి చీలిన ప్రతిచోటా చివరి మనిషి వచ్చేదాకా ఆగుతారట. "ఇది పందెం కాదు పెద్దమ్మా, సరదాకి వచ్చాం" అన్నాడు వాడు. అందరూ ఒంటినిండా బురదతో నవ్వుతూ తిరిగివచ్చారు.

వారమంతా కంప్యూటర్ ముందు, నలుగురూ లేని గదిలో గడిపే పిల్లలకు ఇది మందులాంటిదే. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్నేహితులు పిలిస్తే అది మానకుండా సాగుతుంది.

దెబ్బలు తగలవా? తగులుతాయి. పడేటప్పుడు చెయ్యి ఆనిస్తే మణికట్టు, భుజం మీద పడితే మెడ కింది ఎముక విరగవచ్చు. హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకుంటే పైకి చిన్న గీతలాగే ఉన్నా లోపల ప్లీహానికో, కాలేయానికో గాయం కావచ్చు. కడుపునొప్పి, ఎడమ భుజం పైన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆలస్యం చేయకూడదు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్ళీ సైకిల్ ఎక్కకూడదు. వాంతులు, మగత, తికమక మాటలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పగుళ్ళు కనిపించకపోయినా మార్చేయాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి.

అయితే నాకు దారికన్నా ఎగతాళి అంటేనే భయం. "ఇంకా నీలమేనా?" అన్న ఒక్క మాటకు రోషపడి నల్ల దారి ఎక్కేవాళ్ళుంటారు. రంగులు పరీక్షలో తరగతులు కావు. కొయ్య మీది గుర్తు దారి సంగతి చెబుతుంది, మన ఒంటి సంగతి చెప్పదు. నిద్ర చాలనివారికి, వానకు తడిసిన రాళ్ళ మీద, నీలం దారి కూడా ఎరుపంత కష్టమే. ఆ పూట సులువైన దారికి తిరిగినవాడు పిరికివాడు కాదు, బుద్ధిమంతుడు. అతనితోపాటు తిరిగినవారే మంచి స్నేహితులు.

కాబట్టి అమ్మలారా, ఈసారి ఫోన్‌లో "మానెయ్యి" అనకండి. అంటే వెళ్ళడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు. "ఈరోజు ఏ రంగు దారి నాన్నా? హెల్మెట్ పెట్టుకున్నావా? అందరికన్నా వెనుక ఎవరున్నారు?" అని అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే నిశ్చింతగా పడుకోండి.