జానపదమనే మూట విప్పండి!

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో భక్త రామదాసు పేరున సర్కారు సంగీత, నృత్య కళాశాల ఉన్నది. వీణ, వయొలిన్, మృదంగం... దేని పేరు దానిదే, దేని సర్టిఫికెట్ దానిదే. ఉండనీ, మాకేం కడుపుమంట లేదు. ఆషాఢంల ఉజ్జయిని మహంకాళి బోనాలకు పోతరాజు ముందర డప్పు మోగుతది. దాన్నేమంటరు? జానపదం! కిన్నెర? అదీ జానపదమే. జమిడికె? జానపదమే. వాళ్ళ సంగీతానికి ఇంటిపేరు, ఒంటిపేరు. మనదంతా ఒక్క మూట!

అన్నలారా, అక్కలారా, మూట విప్పి చూద్దాం. డప్పు మాదిగలది. నిప్పు సెగకు కాచి, చిర్ర, సిటికెన పుల్ల పట్టి కొడతరు. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు. చెవిన పడంగనే ఊరికి సంగతి తెలుస్తది. (ఇది శాస్త్రం కాదట!) డక్కలోళ్ళ కిన్నెరకు వెదురుబొంగు, సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. బైండ్లోళ్ళు ఎల్లమ్మ కథను జమిడికె ఒంటితీగె మీద నడిపిస్తరు. చిందోళ్ళు ఆడే జాంబపురాణంల లోకానికంటె ముందు పుట్టినోడు మన జాంబవుడు. మూట ఎందుకు కట్టిండ్రో ఇప్పుడు తెలిసిందా?

మరి మృదంగం మీది తోలు ఎక్కడిది? ఆవుది, బర్రెది, మేకది. తమిళదేశంల దాన్ని సాపుచేసి బిగించే చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవులవని పాటగాడు టి.ఎం. కృష్ణ 2020ల పుస్తకం రాసిండు. ఆవిష్కరణకు ఇస్తానన్న హాలును మద్రాసు కళాక్షేత్ర వెనక్కు తీసుకున్నది. తోలు కావాలె, తోలు మాట వద్దు!

సముద్రాల అవతల బ్రెజిల్ నల్లవాళ్ళదీ ఇదే గోస. 1888 దాకా బానిసలు. వాళ్ళ సాంబ వాయిద్యాలను ఒకనాడు పోలీసులు గుంజుకున్నరు, తర్వాత అదే సాంబ దేశం పాటయింది. అయినా సాంబ, జోంగో, మరకాతూ అని దేని పేరు దానికి నిలబెట్టుకున్నరు.

మనకు? కిన్నెర మొగిలయ్యకు 2022ల, చిందు గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. సంతోషమే. బిరుదు మనిషికిచ్చిండ్రు, విద్యకేది? డక్కలి పిల్లగాడు కిన్నెర నేర్వాలంటె, నేర్పే తాతకు నెలజీతం ఎవరిస్తరు?

డప్పు వెట్టి గుర్తు, పారేద్దామనేటోళ్ళు మనలోనే ఉన్నరు. వాళ్ళ బాధ నిజం. వెట్టిని పారేయండి. ఎంగిలికూటికి పీనుగు ముందర కొట్టమంటే కొట్టకండి. డప్పును మాత్రం ఇడువకండి. 1994ల ఈదుమూడిల లేచిన దండోరాకు పేరిచ్చింది ఆ డప్పే.

వచ్చే బోనాల లోపల ప్రతి వాడ సంఘం ఒక కాగితం రాయాలె: మన వాడల ఏ వాయిద్యమున్నది, ఎవరు వాయిస్తరు, ఎన్ని దరువులు, ఎవరు నేర్చుకుంటున్నరు. ఆ కాగితాలు పట్టుకొనే సంగీత కళాశాలల్ల గురువు పోస్టులు అడుగుదాం. వాయిద్యం పేరు రాసేకాడ ‘జానపదం’ అని మాత్రం రాయకండ్రి.