ఇంటి కంప్యూటరుకు కావలి

2017 మే 12న మొదలైన వానాక్రై దాడి రెండు రోజులలోనే నూట యాభై దేశములకు పాకినది. మన చిత్తూరు సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు సైతం దాని వాత పడినవి. ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున కోరుట దాని పద్ధతి. అయితే ఆ దాడికి దారి ఇచ్చిన విండోస్ లోపమును సవరించు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసినది. దానిని వేసుకొనని యంత్రములే చిక్కుకొన్నవి.

అంబత్తూరు పారిశ్రామికవాడలో కొలువు చేయు బిడ్డలు పాత కంప్యూటరును ఇంటికి తెచ్చినచో, మొదట చూడవలసినది అందులోని విండోస్ ఏదన్నదే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు మారుటకు వీలులేని యంత్రమున బ్యాంకు లావాదేవీలు చేయకుండుట మేలు.

ఇక యాంటీవైరస్ మాట. విండోస్‌తో వచ్చు డిఫెండర్ ఉచితము. అప్‌డేట్లు తప్పక వేసుకొను సాధారణ కుటుంబమునకు అది చాలును. డబ్బు పెట్టదలచినవారికి 1991లో చెన్నైలో పుట్టిన కె7, పూణే వారి క్విక్ హీల్ వంటివి కలవు. రెండింటిని ఒకేసారి వేసినచో ఒకదానికొకటి అడ్డుపడును. క్రాక్ కాపీ వేసుకొనుట కంచెయే చేను మేసిన చందము. దొంగ ప్రోగ్రాములు అందులోనే దాగియుండవచ్చును. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము వైరస్‌లను తొలగించు సాధనములను ఉచితముగా ఇచ్చుచున్నది.

ఏ కావలియు నూటికి నూరుపాళ్లు కాయజాలదు. కనుక పాసుపుస్తకము, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లను వేరొక డ్రైవులో దాచి, దానిని కంప్యూటరు నుండి విడదీసి ఉంచవలెను. ఖాతా నుండి డబ్బు పోయినచో తడవు చేయక 1930కి ఫోను చేయవలెను.